నీలం తేలిన బోయీలు

ఒతారు
1987 సెప్టెంబరు 20

అక్కా,

నువ్వు పంపిన పెట్టె మొన్న అందింది. బొటనవేలంత బోయీలు నలభై రెండుమంది, ఒక్కడికీ చెయ్యి విరగలేదు. డెబ్బై దాటిన వయసులో ఒజెకి మాస్టారు తగరాన్ని ఇంత సన్నగా ఎలా పోతపోస్తున్నారో! కాలి పిక్కల్లో నరాలు కూడా కనిపిస్తున్నాయి. నీ మరదలు కియోమి పెట్టె మూత తీసి, "ఇంతమంది బట్టల్లేని మగాళ్ళని మీ అక్క పోస్టులో పంపించిందా?" అని ఒకటే నవ్వు.

మే నెల బొమ్మల ప్రదర్శనలో షిమాదా టౌన్‌హాల్లో మన ఓయి నది పారుతుందనీ, వంతెన లేని ఆ రోజుల్లోలాగే ఎనభై నాలుగుమంది బోయీలు మనుషుల్ని భుజాల మీద ఎక్కించుకుని దాటిస్తారనీ, అందులో సగంమంది నా చేతిమీదుగా వస్తారనీ తల్చుకుంటే బాగుంది. చిక్కల్లా ఒక్కటే. గోచీ తప్పిస్తే వీళ్ళదంతా ఒళ్ళే. ఇక్కడి కొట్లో ఒంటిరంగు సీసా నూటయాభై యెన్లు. చూస్తే వేలెడు లేదు, పదిమందికి పూసేసరికి అడుగంటుతుంది. కియోమి ఈమధ్య నా జేబుఖర్చు కోసేసింది. నీ పిసినారితనం మన వంశానికంతటికీ తెలిసిందే కదా, అందులో కొంచెం నాకూ నేర్పు.

డ్యూటీ దిగాక ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. కాలుగాలిన పిల్లిలా రేవుదాకా నడిచి వస్తున్నాను. చేతికి పని ఉంటే కుదురుగా ఉంటానేమో.

నీ తమ్ముడు
కునియో


షిమాదా
సెప్టెంబరు 29

ఒరేయ్ కునియో,

పిసినారి అన్నందుకు ఈ ఉత్తరానికి తక్కువ స్టాంపులు అంటించి, మిగతాది నీ చేత కట్టిద్దామనుకున్నాను. పోనీలే, చిన్నవాడివని వదిలేశాను.

ముందు ఆ ఒంటిరంగు సీసా కొనడం మానెయ్. అది రంగు కాదు, సోమరితనం. స్టేషనరీ కొట్లో బడిపిల్లలు పోస్టర్లకి వాడే గొట్టాలుంటాయి చూడు, కాషాయం, పసుపుమట్టి, తెలుపు, ఆ మూడూ చాలు మనిషిని పుట్టించడానికి. నీడ పడే చోట, అంటే చంకల్లో, పక్కటెముకల కింద, సూదిమొనంత నీలం కలుపు. సూదిమొనంతే సుమా. ఎండిపోయే రంగే అసలు ఖర్చు, పూసే రంగు కాదు. అందుకని మూత ఉన్న భోజనం డబ్బాలో తడిబట్ట పరిచి, దానిమీద వంటింటి నూనెకాగితం వేసి, ఆ కాగితం మీద కలుపుకో. మూత పెడితే మర్నాటి సాయంత్రానికి కూడా పచ్చిగానే ఉంటుంది. ఒక్కొక్కణ్ణీ మొదలుపెట్టి పూర్తి చెయ్యకు. పన్నెండుమందిని వరసగా నిలబెట్టి అందరికీ ఒళ్ళు, తర్వాత అందరికీ నీడ. మంచి కుంచెతో రంగు కలిపావంటే నీ చెవి మెలిపెడతాను. కలపడానికి అరిగిపోయింది వాడు. చివర్లో మిగిలిన రంగులన్నీ ఒక గాజుసీసాలో పోసి దాచు. ఆ బురదే మన ఏటిగట్టు.

నాలుగు గొట్టాలూ నేనే పంపుతున్నాను. నా సగంమందికీ ఇవే వాడుతున్నాను, కాబట్టి తేడా రాదు. మన టీ సొసైటీ పక్క కొట్లో, పాత సరుకని సగం ధరకి ఇచ్చారు.

జేబుఖర్చు కోసిందని కియోమిని ఏమీ అనకు. నీకు ఎప్పుడూ చేతికి చిల్లే.

అక్క


ఒతారు
నవంబరు 3

అక్కా,

ఆలస్యమైంది, తిట్టకు. మొదటి పన్నెండుమందిని దూదిలో చుట్టి పంపుతున్నాను. నీ డబ్బా ఉపాయం అద్భుతం. రెండు రోజులు రంగు వెన్నలా ఉంది. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. నువ్వు పంపిన నీలం గొట్టం చచ్చిపోయిన సరుకు. అందులో నీలమే లేదు, ఉత్త బూడిద. సూదిమొనంత కలిపితే కలిపినట్టే లేదు. అందుకని చేతికి తోచినంత వేశాను. సగం ధరకి సగం రంగే వస్తుంది కాబోలు!

నిన్న మొదటి మంచు పడింది. నరకపు ఎక్కుడు అనే మా నిట్టనిలువు రోడ్డు మీద చక్రాలకి గొలుసులు కట్టుకుని బస్సు ఎక్కించడం ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న పనే. ఈసారెందుకో ఎదురుగా వచ్చే దీపాలు కళ్ళలో గుచ్చుకున్నాయి. కొత్త కార్ల దీపాలు మరీ పెద్దవి చేస్తున్నారు.

కునియో


షిమాదా
నవంబరు 11

తమ్ముడూ,

పెట్టె విప్పి బల్లమీద వరసగా పెట్టాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చూసి, "వీళ్ళని ఏట్లోంచి పైకి తీసి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నారు.

నిజంగానేరా. శవాల్లా ఉన్నారు. కుంచె పనికి వంక పెట్టలేం. కనుబొమలు కూడా వేశావు, అంత చిన్న మొహం మీద నాకైతే చేతకాదు. కానీ పక్కటెముకలన్నీ నీలం, పొట్ట నీలం, తొడలు నీలం. నా పాత సరుకే ఎండి రంగు మారిందేమోనని రాత్రంతా మనసు పీకింది. పొద్దున్నే నా గొట్టం తెచ్చి కాగితం మీద పిండి చూశాను. ఆకాశంలా ఉంది. ఒకే కొట్టు, ఒకే అట్టపెట్టెలోవి రెండూ.

ఏ బల్బు కింద కూర్చుంటున్నావు? పసుపు బల్బయితే తీసెయ్. కిటికీ పక్కన, పగటివెలుగులో చెయ్. ఈ పన్నెండుమందినీ నేనే సరిచేస్తాను, రంగు నష్టమైనా సరే. చూశావా, నా నోట ఎలాంటి మాట వచ్చిందో!

అక్క


ఒతారు
డిసెంబరు 6

అక్కా,

బల్బు మార్చాను. సెలవురోజు కిటికీ పక్కన కూర్చున్నాను. మంచు మీద వెలుగుకి కళ్ళు నీళ్ళు కారాయి. ఇంకో పదిహేనుమందిని పంపుతున్నాను. వీళ్ళని శవాలంటే మాత్రం మిగిలినవాళ్ళని కాలవలో పారేస్తాను. మాస్టారికి చెప్పు, ఉత్తరాది చలికి ఒళ్ళు ఇలాగే ఉంటుందని.

పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేను.

కునియో


షిమాదా
1988 జనవరి 8

తమ్ముడూ,

కొత్త సంవత్సరం నీకు మేలు చెయ్యాలి. సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు.

కియోమి పంపిన కొత్త సంవత్సరం కార్డు వచ్చింది. అందులో కింద చిన్న అక్షరాలతో ఇలా రాసింది: "మీరైనా చెప్పండి వదినగారూ. జేబుఖర్చు పెంచుతానన్నా వద్దంటున్నారు. సీసా రంగు కొనుక్కోరు, సిగరెట్లు మానేశారు, ఆదివారం సినిమాకి కూడా రారు. డబ్బంతా ఎక్కడ పెడుతున్నారో తెలియదు. అడగాలంటే భయంగా ఉంది."

నీ జేబుఖర్చు ఎవరూ కొయ్యలేదు. నాకు మొదటి ఉత్తరంలోనే అబద్ధం రాశావు.

ఈ పదిహేనుమంది ముందటి వాళ్ళకంటే నీలంగా ఉన్నారు. ఇంకొకటి. నీ అక్షరాలు పెరిగాయి. సెప్టెంబరులో ఒక కాగితంలో పట్టిన ఉత్తరం ఇప్పుడు మూడు కాగితాలు తీసుకుంటోంది. వరసలు కుడివైపు కిందికి జారుతున్నాయి. మందు మొదలెట్టావా? ఇంకెవరైనా ఉన్నారా? అప్పులా? ఏదైనా సరే నేను పడతాను. తెలియకుండా ఉండటమే పడలేను. ఫోన్ చేద్దామని రెండుసార్లు రిసీవర్ ఎత్తి పెట్టేశాను. ఫోన్లో "బాగానే ఉన్నానక్కా" అనడం నీకు తేలిక. కాగితం మీద అబద్ధం రాయడానికి కాస్తయినా కష్టపడాలి.

అక్క


ఒతారు
జనవరి 25

అక్కా,

మందూ లేదు, మనిషీ లేదు. మీ ఆడవాళ్ళిద్దరూ నా వెనక ఉత్తరాలు రాసుకుంటున్నారని మాత్రం తెలిసింది. రంగు సంగతి రంగు వరకే ఉంచు. నచ్చకపోతే మిగిలిన పదిహేనుమందినీ తిప్పి పంపుతాను, నువ్వే పూసుకో. మగాడు నాలుగు డబ్బులు దాచుకుంటే ఇంత రాద్ధాంతమా?

ఈ నెలంతా మంచు తెరిపి ఇవ్వలేదు. నిద్ర సరిగా లేదు.

కునియో


షిమాదా
ఫిబ్రవరి 3

కునియో,

ఇవాళ వేయించిన గింజలు చల్లి దయ్యాల్ని తరిమే రోజు. సాయంత్రం గుమ్మంలో గింజలు చల్లి, నా వయసు లెక్కకి యాభై రెండు నోట్లో వేసుకోవాలని కిటికీ దగ్గర కూర్చున్నాను. పదో గింజకే నమలడం ఆగిపోయింది. గింజల పొట్లం పసుపుపచ్చ సెల్లోఫేన్. ఎందుకు తోచిందో, దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని బల్లమీద ఉన్న నీ బోయీల్ని చూశాను.

నీలం లేదురా. ఎక్కడా లేదు. పక్కటెముకల కింద మెత్తటి నీడ, నిజం మనిషిలాగే. ఎంత బాగున్నారో! సెల్లోఫేన్ తీస్తే శవాలు, పెడితే మనుషులు. తీసి, పెట్టి, తీసి, పెట్టి చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను.

మాస్టారింటికి పరిగెత్తాను. ఆయనకి మూడేళ్ళ కిందట కళ్ళకి ఆపరేషనయింది. "శుక్లాలు ముదిరినప్పుడు మా ఇంటి గోడలన్నీ టీ నీళ్ళలో ముంచినట్టుండేవమ్మా. నీలం, నలుపు ఒకటే అయ్యేవి. దీపం చూస్తే దాని చుట్టూ ముళ్ళు వచ్చేవి" అన్నారు. నీ వయసెంతని అడిగారు. నలభై ఏడని చెప్పాను. అప్పుడు నేనే పైకి అన్నాను, "వాడు బస్సు నడుపుతాడు మాస్టారూ" అని.

వాడు బస్సు నడుపుతాడు. ఆ మాట ఇంకా నా నోట్లోనే ఉంది.

నాకు నిజం రాయి.

అక్క


ఒతారు
ఫిబ్రవరి 14

అక్కా,

నిజమే.

ఆగస్టులో సప్పొరో వెళ్ళి ఎవరికీ తెలియని డాక్టరుకి చూపించుకున్నాను. రెండు కళ్ళకీ శుక్లాలు. ఈ వయసులో అరుదేగానీ వస్తాయన్నాడు. తీసేసి లోపల కొత్త కటకం పెడతారట. ఆ కటకానికి బీమా వర్తించదు. రెండు కళ్ళకీ కలిపితే నా రెండు నెలల జీతం. మే నెల వరస సెలవుల్లో ఎవరికీ చెప్పకుండా ఒక కన్ను చేయించుకుందామని డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టాను. సిగరెట్లు, సినిమాలు, రంగుసీసాలు. నవ్వుకో.

కియోమికి ఎందుకు చెప్పలేదంటావు. చెబితే మర్నాడే డిపోకి వెళ్ళి చెప్పేస్తుంది, ఆమె మనసు అలాంటిది. మా డిపోలో కళ్ళు తగ్గిన ఒకతన్ని నాలుగేళ్ళ కిందట దింపేశారు. అప్పటినుంచి మనిషి సగమైపోయాడు. నాకు బస్సు తప్ప ఇంకేమొచ్చు? పగలు బాగానే కనిపిస్తుందక్కా. అక్షరాల పలక పరీక్షలో కూడా గట్టెక్కగలను. సాయంత్రం, దీపాలు వెలిగాకే...

ఇది ఎవరికీ చెప్పలేదు. జనవరి 19న, నాలుగున్నరకి, నరకపు ఎక్కుడు దిగుతున్నాను. బస్సులో తొమ్మిదిమంది. ఎదురుగా లారీ దీపం పగిలిన అద్దంలా కళ్ళనిండా పరుచుకుంది. అది దాటేసరికి ముందు చక్రం దారిలోనే ఒక ముసలమ్మ ఉంది. కిరసనాయిలు డబ్బాని చిన్న మంచుబండి మీద పెట్టుకుని లాక్కెళుతోంది. పొగమంచు రంగు కోటు. ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియలేదు. అక్కడే ఉండి ఉంటుంది, అంతసేపూ అక్కడే ఉండి ఉంటుంది. బ్రేకు వేస్తే బస్సు జారి, ఆమెకి చేతికందేంత దూరంలో ఆగింది. ఆమె నావైపు చూసి తలవంచి దణ్ణం పెట్టింది. తనే అడ్డం వచ్చానని క్షమాపణ చెప్పుకుంటోంది నాకు. తొమ్మిదిమందిలో ఒకాయన "శభాష్ డ్రైవరుగారూ!" అన్నాడు.

మే దాకా ఆగు. ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.

కునియో


షిమాదా
ఫిబ్రవరి 18

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. రంగుసీసాలు మానేసి కళ్ళు కొనుక్కోవాలనుకున్నావా? నీ లెక్కన ఎనభై ఏళ్ళొచ్చేదాకా ఒంటిరంగు కొనకుండా ఉండాలి. పిచ్చివాడా. నన్నడిగితే ఇవ్వనా? నలభై ఏళ్ళు పిసినారిగా బతికింది ఎందుకనుకున్నావు? డబ్బు సోమవారం నీ పేర పంపుతున్నాను. అది అప్పు కాదు, అలాగని దానం కూడా కాదు, నోరుమూసుకుని తీసుకో.

కానీ మే దాకా ఆగలేను. ఆ ముసలమ్మ దణ్ణం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. సొసైటీలో టీ పొట్లాలు కట్టేటప్పుడు, నాలుగున్నర అయ్యేసరికి గడియారం వైపు చూస్తున్నాను. ఇప్పుడు దిగుతుంటాడు, ఇప్పుడు దీపాలు వెలుగుతాయి అనుకుంటాను. అయిదున్నరకి ఊపిరి పీల్చుకుంటాను. రోజూ ఇదే.

మీ డిపో మేనేజరుగారికి ఒక ఉత్తరం రాశాను. అది సొరుగులో ఉంది. పోస్టు చెయ్యలేదు. ఈ నెలాఖరులోపు నీ అంతట నువ్వే వెళ్ళి బస్సు తాళం ఇచ్చెయ్. ఈ ఏడు ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ, ఆ రోజు కూడా నీకే ఇస్తున్నాను. 29 దాకా ఆగుతాను. ఆ తర్వాత ఆ ఉత్తరం వెళుతుంది. నువ్వు జన్మంతా నాతో మాట్లాడకపోయినా వెళుతుంది.

అక్క


ఒతారు
ఫిబ్రవరి 27, పొద్దున

అక్కా,

నిన్న వెళ్ళాను. ధైర్యం వచ్చి వెళ్ళాననుకోకు. గుమ్మందాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. మూడోసారి మేనేజరు కుదోగారే తలుపు తీసి, "ఏంటయ్యా, అక్కడ కాపలా కాస్తున్నావా?" అన్నారు. లోపలికి వెళ్ళి అంతా చెప్పాను, ముసలమ్మ సంగతి కూడా.

అంతా విన్నాక ఆయన, "ఆగస్టు నుంచి ఆ ఎక్కుడు ఎన్నిసార్లు దిగావు?" అని అడిగారు.

"లెక్క తెలియదండీ. మూడు వందలు పైనే ఉంటుంది."

"మా అమ్మ ఆ రూట్లోనే ఆసుపత్రికి వెళుతుంది" అన్నారు. అంతే. చెయ్యి చాపారు. తాళం ఇచ్చాను. దాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూశారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఉద్యోగం తియ్యలేదు. జీతం తగ్గింది. ఇవాళ్టినుంచి బస్సులు కడగాలి.

ఇంటికొచ్చి కియోమికి చెప్పాను. ఆమె అన్నం గరిటె చేత్తో పట్టుకునే కూలబడింది. "ఇంకొకతెను పెట్టుకున్నారనుకున్నాను. నాలుగు నెలలుగా ఆమె మొహం ఎలా ఉంటుందా అని ఊహించుకుంటున్నాను" అని ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత గరిటెతో నా భుజం మీద ఒకటి వేసింది.

నువ్వు మాట మీద నిలబడి ఆగావు. అందుకే నా కాళ్ళతో నేను వెళ్ళగలిగాను. అది నాకు మిగిల్చినందుకు రుణపడి ఉంటాను.

కునియో


షిమాదా
మే 16

తమ్ముడూ,

మార్చిలో రెండు ఉత్తరాలు, ఏప్రిల్లో ఒకటి రాశాను. నీ దగ్గరనుంచి జవాబు లేదు. కుడికన్ను ఆపరేషను బాగా జరిగిందని కియోమి రాసింది. నువ్వెందుకు రాయడం లేదో ఆమె రాయలేదు, నేను అడగలేదు. నాకు తెలుసనుకుంటాను.

ముందు ప్రదర్శన సంగతి. నీ మొదటి పన్నెండుమందిని సరిచేస్తానన్నాను కదా, చెయ్యలేదు. తర్వాత వచ్చిన ముప్పైమందినీ ముట్టుకోలేదు. ఏప్రిల్లో మాస్టారూ నేనూ ఒడ్డుకి వెళ్ళి ఏట్లో కాళ్ళు పెట్టి నిలబడ్డాం. కొండల మంచు కరిగి వచ్చే నీళ్ళు. వంద లెక్కపెట్టేసరికి ఆయన పిక్కలు ఎలా అయ్యాయో తెలుసా? "చూడమ్మా, మీ తమ్ముడి రంగు" అన్నారు. ప్రదర్శనలో నా బోయీలు ఒడ్డుమీద బేరాలాడుతున్నారు, చలి కాచుకుంటున్నారు. నీవాళ్ళు ఛాతీలోతు నీళ్ళలో, మనుషుల్ని మోస్తూ, ఏటి మధ్యలో ఉన్నారు. చూసినవాళ్ళందరూ అక్కడే ఆగిపోయారు. ఒక రైతు "అబ్బ, చలి!" అని భుజాలు ముడుచుకున్నాడు.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి మూడు నెలలుగా వంద కాగితాలు చింపాను. కాగితం ఖర్చు ఎప్పుడూ చూసుకునే దాన్ని, అదీ చూసుకోలేదు.

నేను ఆగలేదురా. 29 దాకా ఆగుతానని రాసి, 24నే మేనేజరుగారి ఉత్తరం పోస్టు చేశాను. ఆరోజు రేడియోలో ఉత్తరాదిన మంచు తుపాను అన్నారు. గడియారం నాలుగు చూపించింది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పోస్టుడబ్బా దగ్గరికి వెళ్ళాను. వేశాక డబ్బాలోకి చెయ్యి పెట్టి తీద్దామని కూడా చూశాను. చెయ్యి పట్టలేదు.

వారం తిరిగేసరికి నీ ఉత్తరం వచ్చింది, నువ్వు మాట మీద నిలబడ్డావు అని. ఆ వాక్యం చదివిన దగ్గరనుంచి నాకు తిండి లేదు.

అక్క


ఒతారు
జూన్ 12

అక్కా,

నాకు తెలుసు.

ఫిబ్రవరి 27 పొద్దున నీకు ఉత్తరం పోస్టు చేసి డిపోకి వెళ్ళాను. మధ్యాహ్నం, నేను చక్రాలు కడుగుతుంటే కుదోగారు వచ్చి ఒక కవరు ఇచ్చారు. విప్పలేదు. "మీ ఇంటిపేరుతోనే వచ్చింది, మీ అక్కగారేమో. నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి నేనిది చదవక్కర్లేదు" అన్నారు. పోస్టుముద్ర మీద తారీకు నాకు కనిపించలేదు. కియోమి చేత చదివించుకున్నాను. ఇరవై నాలుగు.

ఆ రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందో రాస్తే ఈ కాగితం పట్టదు. నీ డబ్బు తిప్పి పంపేద్దామనుకున్నాను. కియోమి పంపనివ్వలేదు. "కోపం మీది, కళ్ళు నావి కూడా" అంది. నీ కవరు విప్పకుండా దాచాను.

ఏప్రిల్లో కుడికంటికి కట్టు విప్పారు. మొట్టమొదట చూసింది నర్సు గౌను. ఇంత తెలుపు ప్రపంచంలో ఉంటుందని మర్చిపోయాను. తర్వాత కియోమి జుట్టు. ఎప్పుడు ఇంత నెరిసిందో! "ఏంటలా చూస్తారు?" అంది. చెప్పలేదు. ఇంటికొచ్చి నువ్వు పంపిన గొట్టం నొక్కాను. నీలం. దాన్ని బూడిద అని నిన్ను దెప్పాను.

ఆ రాత్రి కవరు విప్పాను. కొత్త కంటితో చదివిన మొదటి ఉత్తరం అదే. "నా తమ్ముడు మంచి డ్రైవరు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు. అతన్ని మంచి డ్రైవరుగానే మిగల్చమని మిమ్మల్ని వేడుకుంటున్నాను" అని రాశావు. కింద ఇంకు చెదిరింది.

క్షమించానని రాయను అక్కా. మాట తప్పావు, తప్పు తప్పే. కానీ నేను మూడోసారి కూడా గుమ్మం దగ్గరనుంచి వెనక్కి వచ్చేసి ఉంటే? కుదోగారు తలుపు తియ్యకపోయి ఉంటే? ఆ రాత్రంతా ఇదే ఆలోచించాను. నువ్వు ఆగకపోవడం మంచిదే అయింది, కానీ అది ఒప్పుకోవడానికి నాకు మే దాటాల్సి వచ్చింది.

ఎడమకన్ను మొన్న గురువారం అయింది. చూడు, నా అక్షరాలు మళ్ళీ చిన్నవయ్యాయి.

కునియో


ఒతారు
సెప్టెంబరు 30

అక్కా,

ఒక వార్త. కళ్ళ పరీక్ష, డ్రైవింగు పరీక్ష రెండూ అయ్యాయి. పాసయ్యాను. అక్టోబరు 17 సోమవారం, మధ్యాహ్నం మూడూ యాభైకి స్టేషను నుంచి అదే రూటు ఇస్తామన్నారు. అదే ఎక్కుడు, అదే వేళ.

అందరూ పండగ చేస్తున్నారు. నాకు మాత్రం అన్నం దిగడం లేదు. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి, అదే భయం. స్తంభం, పిల్లి, గొడుగు, ప్రతి మనిషీ విడివిడిగా. ఇంతమంది మధ్యలోంచి అన్నాళ్ళు గుడ్డిగా నడిపానా అని చేతులు వణుకుతున్నాయి. నిన్న ఖాళీ బస్సులో స్టీరింగు పట్టుకుని అరగంట కూర్చున్నాను, తాళం తిప్పలేదు. నా మీద నమ్మకంతో ఎక్కేవాళ్ళకి ఏమని మొహం చూపించను? కడిగే పనే చేసుకుంటానని కుదోగారికి చెప్పేద్దామా అనిపిస్తోంది.

నువ్వే చెప్పు. ఈసారి నీ మాట వింటాను.

కునియో


ఒతారు స్టేషను, బస్సులు ఆగే చోటు
అక్టోబరు 17, మధ్యాహ్నం మూడూ పది

తమ్ముడూ,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని కంగారుపడుతూ ఉంటావు. జవాబు పోస్టులో పంపితే సరిపోదనిపించింది. నిన్న పొద్దున బయల్దేరాను. సముద్రం కింద తవ్విన కొత్త సొరంగంలోంచి వచ్చాను. టిక్కెట్టు ధర విని కౌంటరు అమ్మాయిని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అంతే చెప్పింది. కొనేశాను. కియోమికి తెలుసు, నీకు చెప్పొద్దని నేనే అన్నాను.

ఇక్కడ బల్లమీద కూర్చుని ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు చేపల ధరల గురించి దెబ్బలాడుకుంటున్నారు. బడి యూనిఫారాల్లో నలుగురైదుగురు అమ్మాయిలున్నారు. వీళ్ళంతా నీ బస్సు కోసమే. ఎవరికీ నీ సంగతి తెలియదు. నాకు ఒక్కదానికే అంతా తెలుసు. నీ కళ్ళూ తెలుసు, నీ అబద్ధాలూ తెలుసు, నీ మూడు వందల సార్లూ తెలుసు. అన్నీ తెలిసినదాన్ని ముందు ఎక్కాలనుకున్నాను. నువ్వడిగినదానికి ఇదే నా జవాబు. నిన్ను నమ్మమని ఇంకొకళ్ళకి చెప్పే ముందు నేను కూర్చోవాలి కదా.

చేతులు వణుకుతాయన్నావు. వణకనీ. నావీ వణుకుతున్నాయి, అక్షరాలు చూడు.

అదిగో, బస్సు మలుపు తిరిగి వస్తోంది. నువ్వే. టోపీ సరిగా పెట్టుకోలేదు. ఈ కాగితం టిక్కెట్టుతో పాటు నీ చేతికిస్తాను. ఇప్పుడు చదవకు, ఆఖరి స్టాపులో చదువు. నీ వెనక సీట్లోనే కూర్చుంటాను. బయల్దేరాక నాకోసం వెనక్కి తిరిగి చూడకు.

రోడ్డు చూడు.

అక్క